సంతకం లేని కత్తెర

రేడియోలో ఏది పలకకూడదో ఆకాశవాణి ఒకప్పుడు జాబితా రాసి పెట్టుకుంది. మిత్రదేశాలను విమర్శించకూడదు. మతాల మీద, వర్గాల మీద దాడి చేయకూడదు. అశ్లీలం, పరువునష్టం, కోర్టు ధిక్కారం కూడదు. రాష్ట్రపతి, గవర్నర్లు, న్యాయమూర్తుల నిజాయితీని శంకించకూడదు. రాజకీయ పార్టీని పేరుపెట్టి తిట్టకూడదు. ఇలా సాగుతుంది ఆ జాబితా. ప్రసంగానికి పిలిచిన మనిషి కవి అయినా, వ్యవసాయ శాస్త్రవేత్త అయినా స్క్రిప్టు ముందే అందజేయాలి, మైకు ముందు ఆ కాగితం దాటి పోకూడదు. కడప, విజయవాడ కేంద్రాలు పెట్టుకుని వినే మార్కాపురం, కంభం, గిద్దలూరు శ్రోతలకు చేరిన ప్రతి మాటా అలా వడపోతకు గురై వచ్చిందే. ఇప్పుడు అదే పట్టణాల్లో సెట్‌టాప్ బాక్సు పెడితే వందల ఛానళ్లు. కట్టు తప్పిన సీరియళ్లు, రెండర్థాల స్కిట్లు, నెత్తుటి మడుగు చుట్టూ మూడుసార్లు తిరిగే కెమెరా అన్నీ నట్టింట్లోకే వస్తాయి. దీన్ని చూసి సెన్సారు ప్రమాణాలు సడలిపోయాయని పెద్దలు అంటారు. నా లెక్కలో సడలింది సగమే. బూతు మీద, రక్తం మీద పట్టు సడలిన మాట నిజం. రెండో సగంలో జరిగింది వేరు. ఏది ఆపారో, ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో చెప్పే పూచీ మాయమైంది. పాత కత్తెర మొండిదే కావచ్చు, దాని మీద సంతకం ఉండేది. కొత్త కత్తెరకు అది లేదు.

పాత కత్తెరను నెత్తిన పెట్టుకోవాలని నా ఉద్దేశం కాదు. దాని ఘనకార్యాలు తక్కువేమీ కాదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని స్టూడియో గడప తొక్కనివ్వలేదు. అది విదేశీ వాద్యం, మెట్ల మీద నిలిచిన స్వరాలు తప్ప గమకం పలకదు అన్నది అభియోగం. లియోనెల్ ఫీల్డెన్ అనే ఇంగ్లీషు దొర ఏలుబడిలో వచ్చిన ఈ నిషేధాన్ని రవీంద్రనాథ్ టాగూర్ కూడా మెచ్చుకున్నాడు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అది పోలేదు, 1971 దాకా సాగింది. తెలుగు నాటకానికి ఇది ఎంత దెబ్బో ఊహించండి. మన పద్యనాటకం పుట్టి పెరిగిందే హార్మోనియం పక్కన. రంగస్థలం మీద శ్రుతి అందించే పెట్టె, రాగం తీసే నటుడికి ఊపిరి, ప్రేక్షకుడి చెవికి గుర్తు అదే. ఊళ్లో తెల్లవార్లూ మోగే వాద్యం సర్కారు రేడియోలో అంటరానిది. అయినా ఒకటి గమనించాలి. నిషేధానికి కారణం ఏమిటో అందరికీ తెలుసు. తెలుసు గనకే మూడు దశాబ్దాల పాటు సంగీతజ్ఞులు దాన్ని వాదనకు పెట్టగలిగారు, 1970లో సదస్సు పెట్టి గమకాల గొడవను బహిరంగంగా తేల్చుకోగలిగారు, మరుసటి ఏడాదికి తలుపు కొంతైనా తెరుచుకుంది. పేరున్న నిర్ణయం, కారణమున్న నిర్ణయం ఎంత తప్పుదైనా ఓడించడానికి దొరుకుతుంది.

1952లో సమాచార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ సినిమా పాటల మీద పెట్టిన ఆంక్షల కథా అంతే. శ్రోత తగవు పెట్టుకోలేదు, ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నాడు. సిలోన్ తెలుగు పాటల వేళ కోసం మన పల్లెల్లో ఎదురుచూసిన తరం ఇంకా ఉంది. 1957 అక్టోబరు 3న వివిధ్ భారతి మొదలైందంటే అది ఆ ఓటమిని ఒప్పుకోవడమే. ఎమర్జెన్సీ ఇంతకంటే ముదురు. 1976 మేలో కిశోర్ కుమార్ పాటలు ఆకాశవాణి నుంచి మాయమయ్యాయి. ప్రభుత్వ ప్రచారానికి పాడనన్నందుకు వేసిన శిక్ష అది. జనం ముందు ఒక్క ముక్క చెప్పలేదు. కానీ తర్వాత ఎమర్జెన్సీ అక్రమాలను షా కమిషన్ తవ్వినప్పుడు మంత్రిత్వ శాఖ అధికారులే వచ్చి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. అంతటి చీకటి రోజుల్లోనూ కత్తెర ఎవరి చేతిలో ఉందో దేశానికి తెలుసు.

పశ్చిమ ప్రకాశానికే సంబంధించిన సందర్భం ఒకటుంది. 2004 జులైలో నక్సలైట్లపై నిషేధం గడువు ముగిసింది. అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు వాళ్ల నాయకులు నల్లమల నుంచి బయటికి వచ్చింది చిన్నారుట్ల దగ్గర. ఈటీవీ-2, టీవీ9 అప్పటికి కొత్తగా మొదలైన వార్తా ఛానళ్లు. హింసకు ప్రేరేపించే మాట గాలిలోకి పోరాదని రాసుకున్న ఆకాశవాణి నియమావళి కళ్లతో చూస్తే, ఆ రోజుల్లో ఈ ఛానళ్ల ద్వారా ఇళ్లలో వినిపించిన ఆ నాయకుల గొంతులు ఊహకు కూడా అందనివి. ఏడాది తిరగకుండా, 2005 ఆగస్టు 17న మళ్లీ నిషేధం వచ్చింది. దాన్ని సమర్థించినవాళ్లూ, తప్పుపట్టిన పౌరహక్కుల వాళ్లూ ఒకే ఉత్తర్వును చేత పట్టుకుని వాదించుకున్నారు. బ్రిటన్‌లోనూ ఇలాంటిదే జరిగింది. 1988 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం ఐర్లండ్ పార్టీ సిన్‌ఫేన్ నాయకుల గొంతు టీవీలో, రేడియోలో వినిపించకూడదంది. మనిషి కనిపించవచ్చు, గొంతు మాత్రం కూడదు. ఛానళ్లు నటులను పెట్టి ఆ మాటలు డబ్బింగ్ చెప్పించాయి. ఆ ప్రహసనం లోకం కళ్లముందే సాగింది, 1994 సెప్టెంబరులో నిషేధాన్ని ఎత్తేశారు. నిషేధం రాతలో ఉంటే నవ్వడానికైనా వీలుంటుంది.

అసలు మార్పు కేబుల్‌తో వచ్చింది. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం కఠినమైనదే. దానికింద ఉన్న ప్రోగ్రాం కోడ్‌లో పాత ఆకాశవాణి జాబితా వాసన బాగానే తగులుతుంది. 19వ సెక్షన్ ప్రకారం మతం, కులం, భాష, ప్రాంతం పేరిట వైషమ్యం రేపే కార్యక్రమాన్నో ఛానల్‌నో నిలిపివేయమని అధీకృత అధికారి ఆదేశించవచ్చు. కలెక్టరుకీ ఆ అధికారం ఉంది, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకీ ఉంది. అంటే మార్కాపురం ఆర్డీవో తలచుకుంటే గిద్దలూరులో ఒక ఛానల్ ఆపవచ్చు. ఈ అధికారం ఎక్కువే, నాకు నచ్చదు. కానీ చట్టం ఒక మాట పెట్టింది. ఆ పని ఉత్తర్వు ద్వారానే చేయాలి. ఉత్తర్వుంటే నంబరుంటుంది, తేదీ ఉంటుంది, కింద సంతకం ఉంటుంది, హైకోర్టులో రిట్ వేయడానికి ఆధారం ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లో జరిగిన పెద్ద కోతలు ఈ దారిన జరగలేదు. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి తెరల మీద నుంచి తొలగిపోయాయి. ప్రభుత్వం మాకేం సంబంధం, అది ఊళ్లలోని ఆపరేటర్లకు సిగ్నల్ అందించే ఎంఎస్‌వోల (మల్టీ సిస్టమ్ ఆపరేటర్ల) ఇష్టం అంది. ఆ సెప్టెంబరులో వరంగల్‌లో నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఆ ఎంఎస్‌వోలను బహిరంగంగానే మెచ్చుకున్నారు. 2016 జూన్‌లో కాపు నేత ముద్రగడ పద్మనాభం దీక్ష నడుస్తుండగా ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి ఆగింది. 2019లో ప్రభుత్వం మారాక ఏబీఎన్, టీవీ5 వంతు వచ్చింది, ఫైబర్‌నెట్‌లో తమ ఛానల్ కోసం టీవీ5 టెలికాం వివాదాల ట్రైబ్యునల్ టీడీశాట్ దాకా వెళ్లింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మళ్లీ మారాక సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ, 10టీవీ మాయమైతే ఢిల్లీ హైకోర్టు 15 మంది ఎంఎస్‌వోలను పునరుద్ధరించమనాల్సి వచ్చింది. అప్పుడూ అధికార పక్షం మా ప్రమేయం లేదనే అంది. రంగులు మారాయి గాని పద్ధతి అదే.

ఇది ఇంత తేలికెందుకైందో సాంకేతికంగా కూడా అర్థం చేసుకోవాలి. అనలాగ్ రోజుల్లో పట్టణానికి ఒకరిద్దరు ఆపరేటర్లు, ఎవరి డాబా మీద వాళ్ల డిష్‌లు. ఒక ఛానల్ ఆపాలంటే ఊరూరా మనిషిని పంపాలి, కొందరు వినేవారు, కొందరు మొండికేసేవారు. 2012లో మొదలుపెట్టి 2017 నాటికి పల్లెల దాకా పూర్తిచేసిన డిజిటైజేషన్‌తో సిగ్నల్ అంతా తాళంవేసి పై నుంచి దిగుతుంది. మార్కాపురం ఆపరేటరు చేతిలో మిగిలింది వైరూ, నెలవారీ వసూలూ. కొందరు ఎంఎస్‌వోలకు ఫోను చేస్తే చాలు, జిల్లాలకు జిల్లాలు చీకటి. వినియోగదారుడు వచ్చి అడిగితే ఆపరేటరు దగ్గర ఉండే జవాబు ఒక్కటే: పై నుంచి రావడం లేదండీ. ఫైబర్‌నెట్ అయితే సాక్షాత్తూ ప్రభుత్వ సంస్థ. అక్కడ మీట ఎవరి దగ్గర ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

దీనికి మొదటి అభ్యంతరం ఛానళ్ల స్వభావం గురించి. ఇవి వార్తా ఛానళ్లా, పార్టీ కరపత్రాలా, వీటికోసం కన్నీళ్లెందుకు అంటారు. సగం ఒప్పుకుంటాను. ఏ ఛానల్ ఏ పార్టీకి పాట పాడుతుందో కంభం బస్టాండులో టీ తాగే మనిషిని అడిగినా చెబుతాడు. అయితే ఇక్కడి ప్రశ్న ఛానల్ యజమాని హక్కు గురించి మాత్రమే కాదు. 1995 ఫిబ్రవరిలో బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అంది. ఆ ధర్మాసనంలో మన తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన తీర్పు రెండు వైపులా హెచ్చరిస్తుంది. ప్రసారాలు సర్కారు గుత్తగా ఉండకూడదు, డబ్బున్నవాళ్ల గుత్తగానూ పోకూడదు, వినేవాడి హక్కు ముందు రావాలి. పక్షపాత ఛానల్‌ను చూసి ఛీ అనుకునే హక్కు కూడా చూసేవాడిదే. కంట్రోల్ రూములో కూర్చున్నవాడిది కాదు.

రెండోది, సంతకం ఉంటే ఏమొరిగింది, ప్రభుత్వం ఏ కారణమైనా రాసుకోగలదు కదా అనేది. రాసుకుంటుంది. 2022 జనవరి 31న మలయాళ ఛానల్ మీడియావన్ లైసెన్సు పునరుద్ధరించం అంది కేంద్రం. భద్రతా కారణాలని చెప్పి వివరాలు సీల్డ్ కవర్లో కోర్టుకిచ్చింది. కేరళ హైకోర్టు ఆ కవరు చూసి సరే అంది. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ నిరాకరణను కొట్టేసింది. కారణం దాచిపెట్టి శిక్షించడం న్యాయం కాదంది. కొట్టేయడానికి ఒక ఉత్తర్వు ఉంది గనక కొట్టేశారు. ఉత్తర్వే లేని చోట ఛానల్ వాళ్లు మొదట అసలు తమను ఎవరు ఆపారో నిరూపించుకోవాలి. నెలలు అందులోనే గడిచిపోతాయి.

ఇప్పుడు కేబుల్ ఎవడు చూస్తున్నాడు, అంతా ఫోనే కదా అనేవాళ్లకు ఒకే మాట. ఫోనులో వచ్చే ఇంటర్నెట్‌కూ ఐటీ చట్టం కింద 2009 నాటి బ్లాకింగ్ నిబంధనలు ఉన్నాయి. వాటిలో 16వ నిబంధన ప్రకారం ఫిర్యాదు, చర్య రెండూ గోప్యం. మీట మారింది, చీకటి మారలేదు.

పిల్లలున్న ఇంట్లో ఏమిటీ బూతు, దీనికి కత్తెర వద్దా అనే తల్లిదండ్రుల ప్రశ్న మాత్రం గట్టిది. దానికి నా దగ్గర ఉన్న జవాబు కత్తెర వద్దని కాదు, పేరున్న కత్తెర కావాలని. 2011లో వినోద ఛానళ్లు సొంతంగా ఫిర్యాదుల మండలి పెట్టుకున్నాయి. 2021 నాటి కేబుల్ నిబంధనలు ఫిర్యాదుకు మూడు మెట్లు పెట్టాయి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చి యూఏ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్ల వయసులుగా విడగొట్టారు. అదే ఏడాది జనవరిలో ప్రమాదాల, హత్యల శవాలను నేరుగా చూపవద్దని కేంద్రం ఛానళ్లకు సలహా పంపింది. ఇవి సరిగా అమలు కావడం లేదంటే నేనూ మీ పక్షమే. మద్యం సీసా మీద మసక వేసి, సిగరెట్టు కింద హెచ్చరిక రాసి, నరికిన మనిషిని మాత్రం యథాతథంగా చూపే తెర నైతికత నాకూ అర్థం కాదు. అయినా వీటన్నిటికీ ఒక చిరునామా ఉంది. ఎవరిని నిలదీయాలో తెలుసు.

రేడియో సంగతి ఇంకా విచిత్రం. గ్రామంలోని మహిళలు నడిపే కమ్యూనిటీ రేడియో ఎలా ఉంటుందో 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గర మాచనూరులో మొదలైన సంఘం రేడియో చూపించింది. కానీ కమ్యూనిటీ రేడియో గాని, ప్రైవేటు ఎఫ్‌ఎం గాని సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలు తిరిగి వినిపించుకోవచ్చు. మార్కాపురం ప్రాంతంలో అలాంటి రేడియో ఒకటి పెడితే నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో ప్రకటించవచ్చు, అది పౌర సమాచారం. ట్యాంకరు ఎందుకు రాలేదు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉంది, పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు సొరంగాలు దాటి పొలానికి ఎప్పుడొస్తాయి అని ఎవరైనా నిలదీస్తే అది వార్త కిందికి వస్తుంది. దేశంలో అశ్లీలానికి ఉన్న వెసులుబాటు మన వెలిగొండకు లేదు. అయినా ఈ ఆంక్ష కూడా కాగితం మీద ఉంది గనక దీనిపై సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది, తిట్టడానికి నాకూ ఒక నిబంధన దొరికింది.

కాబట్టి పశ్చిమ ప్రకాశం పాఠకులకు ఒక విన్నపం. ఈసారి మీ టీవీలో ఒక ఛానల్ మాయమైతే, అది మీకు గిట్టని ఛానలైనా సరే, ఆపరేటరుతో గొడవపడకండి. మార్కాపురం ఆర్డీవో కార్యాలయానికి పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. కేబుల్ చట్టం 19వ సెక్షన్ కింద ఈ డివిజన్‌లో ఏయే ఛానళ్లను నిలిపారు, ఉత్తర్వుల నకళ్లు ఇవ్వండి అని రాయండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఉత్తర్వుంటే నకలు వస్తుంది. లేదని వస్తే ఆ కాగితం దాచుకోండి, కోర్టులో పనికొస్తుంది.