పది తలుపులు, ఒకే ముంగిలి

సిరీస్ తీయబోతున్న ఫిల్మ్ విద్యార్థులకు నేను ముందుగా చూపించాలనుకునేది షాట్లు కాదు, ఒక ప్లాను. 1980ల చివర్లో పోలండ్ టీవీ కోసం క్రిష్టోఫ్ కీష్లోవ్‌స్కీ తీసిన 'డెకలాగ్' వెనక ఉన్న ప్లాను. పది చిత్రాలు, ఒక్కోటీ సుమారు గంట. చూసిన ప్రతిసారీ ముందు కథలకు కరిగిపోతాను. ఆ తర్వాత ఆ కథలన్నిటినీ ఒకచోట నిలబెట్టిన పనితనానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. తెరమీద కనిపించే అందంలో సగం, కెమెరా పెట్టెలోంచి బయటికి రాకముందే పుట్టిందని నా గట్టి నమ్మకం.

అసలు ఈ సిరీస్ ఆయన తీయడానికి మొదలుపెట్టింది కాదు. అప్పట్లో దర్శకుడు జానుస్సీ నడుపుతున్న 'టోర్' స్టూడియోలో కీష్లోవ్‌స్కీ ఆయనకు కుడిభుజంగా ఉండేవాడు. పది స్క్రిప్టులు రాసి, తొలి సినిమా అవకాశం కోసం ఎదురుచూస్తున్న పదిమంది కొత్త దర్శకుల చేతుల్లో పెడదామన్నది ఆలోచన. తీరా రాయడం పూర్తయ్యేసరికి వాటిమీద మమకారం పెరిగి, ఒక్కటి కూడా వదులుకోలేక అన్నీ తనే తీశాడు. ఆ మమకారం మన అదృష్టం. కానీ పునాది మాత్రం కొత్తవాళ్ల కోసం వేసిందే. అందుకే అందులో అంత పొదుపు ఉంది, ప్రతి కథా విడిగా తన కాళ్లమీద తను నిలబడగలిగే తీరు ఉంది. విద్యార్థులు దీన్ని తమ సొత్తుగా భావించవచ్చు.

విషయం ఇచ్చింది ఆయన సహరచయిత పియెసెవిచ్. వృత్తిరీత్యా లాయరు. చలిలో, వానలో వీధిలో ఎదురుపడి, బైబిల్లోని దశాజ్ఞల మీద ఎవరైనా సినిమా తీయాలి అన్నాడట. ఇద్దరూ కూర్చుని రాసినప్పుడు తీసుకున్న మొదటి నిర్ణయమే నన్ను ఆశ్చర్యపరుస్తుంది. ఆనాటి పోలండ్‌లో ఎటు చూసినా క్యూలు, రేషన్ కూపన్లు, రాజకీయం. వాటన్నిటినీ పక్కన పెట్టేశారు. తలుపు మూసుకున్నాక ఇంట్లో ఒంటరిగా మిగిలిన మనిషి, తేల్చుకోలేని ఒక నిర్ణయం, ఇంతే ఉంచుకున్నారు. ఏం చూపించకూడదో ముందే తేల్చుకోవడం వల్లే ఆ కథలకు ఇవాళ్టికీ వయసు మీదపడలేదు.

ఆ తర్వాత చోటు. పది కథల మనుషులకూ వార్సాలోని ఒకే అపార్టుమెంట్ల కాలనీని ఇచ్చారు. బూడిదరంగు గోడలు, బారులు తీరిన కిటికీలు, మధ్యలో కాస్త ఖాళీ జాగా. వార్సాలో చూడ్డానికి బాగుండే కాలనీ అదేనని, ఇక మిగతావి ఎలా ఉంటాయో ఊహించుకోమని కీష్లోవ్‌స్కీ అనేవాడు. ఒకే లొకేషన్ అంటే ప్రొడక్షన్ మేనేజరుకు ఖర్చు తగ్గడం. ప్రేక్షకుడికి దక్కేది వేరు. ఒక కథలో ప్రాణం పోయేంత బాధపడిన మనిషి ఇంకో కథలో లిఫ్టులో పక్కన నిలబడి ఉంటాడు. మొదటిసారి గమనించినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. రెండో చిత్రంలో మృత్యువు అంచుదాకా వెళ్లొచ్చిన భర్త, అతని భార్య ఐదో చిత్రంలో టాక్సీ కోసం చలిలో నిలబడతారు. డ్రైవరు వాళ్లను ఎక్కించుకోకుండా వెళ్లిపోతాడు. కాసేపట్లో అతణ్ణి ఒక కుర్రాడు చంపబోతున్నాడు. వాళ్లు ఆ కారు ఎక్కి ఉంటే? ఈ ప్రశ్న ఏ పాత్రా అడగదు, మన గుండెలో మోగుతుంది. ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వని అన్నది దీన్నే అని నాకు అనిపిస్తుంది. చెప్పకుండా చెప్పడం అనుకోకుండా జరిగింది కాదు, పది స్క్రిప్టులూ బల్లమీద పక్కపక్కన పరిచి చూసుకుంటేనే సాధ్యపడింది.

ఎనిమిదో చిత్రంలో ఇది ఇంకా లోతుకు వెళ్తుంది. యూనివర్సిటీలో నీతిశాస్త్రం క్లాసు. ఒక విద్యార్థిని లేచి, రెండో చిత్రంలో మనం చూసిన కథనే నైతిక సమస్యగా వివరిస్తుంది. ముసలి ప్రొఫెసరు ప్రశాంతంగా విని, ఆ కథలోని బిడ్డ బతికే ఉన్నాడంటుంది. ఆమెకెలా తెలుసు? ఆమెదీ అదే కాలనీ. ఆరు గంటల సినిమా వెనక్కి తిరిగి ఒక్క మాటలో మెరుస్తుంది. అదే చిత్రంలో ఒక పొరుగాయన తపాలా బిళ్లలు తెచ్చి ఆమెకు మురిపెంగా చూపిస్తాడు. పదో చిత్రం మొదలయ్యేసరికి ఆయన లేడు, ఆ బిళ్లల కోసం ఇద్దరు కొడుకులు పడే పాట్లే కథ. తొమ్మిది బరువైన కథల తర్వాత ఆఖరుది హాస్యం! ఏ రసం తర్వాత ఏ రసం రావాలో లెక్క తెలిసినవాళ్ల ఔచిత్యం అది.

ఇంకో ముఖం ఉంది. మాట్లాడని మనిషి. మొదటి చిత్రంలో గడ్డకట్టిన చెరువు ఒడ్డున నెగడు దగ్గర కూర్చుంటాడు. మూడోదాంట్లో ట్రామ్ నడుపుతాడు. ఎనిమిదోదాంట్లో క్లాసులో విద్యార్థిగా కనిపిస్తాడు. కథలో వేలు పెట్టడు, చూస్తాడంతే. ఎనిమిది చిత్రాల్లో ఉన్నాడు. ఏడోదాంట్లో తీసింది బాగా రాలేదని తీసేశారు. దేవదూతా, విధా, మన మనస్సాక్షా, ఎవరికి తోచింది వాళ్లు అనుకోవచ్చు. ఒక్క నటుడి కొద్దిపాటి కాల్‌షీట్లతో సిరీస్ మొత్తానికి ఒక చూపు దొరికింది.

షెడ్యూలు గురించి కూడా చెప్పాలి. చిత్రాలను వరసగా ఒకదాని తర్వాత ఒకటి తీయలేదు. ఒక కారిడార్ దొరికితే అక్కడ జరిగే వేర్వేరు కథల సీన్లు కలిపి తీసేవారు. అంటే ఒక కథకు లైటింగ్ పూర్తి చేసుకున్న చోటే ఇంకో కథ నటులు సిద్ధమవుతుంటారు, వాళ్లతోపాటు కెమెరామన్ కూడా మారతాడు. పది చిత్రాలకు తొమ్మిదిమంది కెమెరామన్లు పనిచేశారు. సొబొచిన్‌స్కీ ఒక్కడే రెండు తీశాడు. ఇంతమందైతే సిరీస్ ముక్కలైపోతుందని ఎవరైనా భయపడతారు. అలా జరగలేదు, ఎందుకంటే చోటూ చూపూ అప్పటికే కుదిరి ఉన్నాయి. ఐదో చిత్రానికి కెమెరామన్ ఇజియాక్ ఆకుపచ్చ ఫిల్టర్లతో తీస్తానంటేనే ఒప్పుకున్నాడు. అంచులన్నీ చీకట్లో మునిగి, వార్సా పసరుపట్టిన నీళ్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ బీభత్సం మిగతా తొమ్మిదింటిలో లేదు, ఉండనక్కర్లేదు కూడా.

టీవీ ఇచ్చిన డబ్బు పదింటికీ చాలలేదు. అందుకని రెండు కథలను పెద్ద తెరకు కూడా తీసి ఇస్తానని చెప్పి, కీష్లోవ్‌స్కీ ప్రభుత్వ నిధి నుంచి మిగతా సొమ్ము తెచ్చాడు. అలా ఐదో కథ 'ఎ షార్ట్ ఫిల్మ్ అబౌట్ కిల్లింగ్' అయి 1988లో కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి గెలిచింది. ఆరోది 'ఎ షార్ట్ ఫిల్మ్ అబౌట్ లవ్' అయింది.

ఇంత లెక్కతో పనిచేసినవాడు యంత్రంలా తీశాడేమో అనుకునేవాళ్లు రెండో చిత్రంలోని గ్లాసును చూడాలి. ఆస్పత్రి మంచం పక్కన పళ్లరసం. అందులో ఒక కందిరీగ పడింది. చెంచా పట్టుకుని పైకి పాకుతుంది, జారుతుంది, రెక్కలు బరువెక్కి మళ్లీ పాకుతుంది. కెమెరా కదలదు, మన ఊపిరీ కదలదు. చివరికి అంచుకు చేరి గ్లాసు అవతలికి దిగుతుంది. పక్కన పడుకున్న రోగి బతుకుతాడో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. ఆ గ్లాసు ముందు అంతసేపు ఆగగలిగాడంటే, మిగతా హడావిడి అంతా ముందే కాగితం మీద తీరిపోయి ఉండటం వల్లనే.

ఈ ఓర్పు విద్యార్థి దశలోనే ఉంది. వూచ్ ఫిల్మ్ స్కూల్లో రెండుసార్లు సీటు రాక మూడోసారి చేరినవాడు. 1966లో అక్కడ 'ఆఫీసు' అని కొద్ది నిమిషాల డాక్యుమెంటరీ తీశాడు. పింఛను కౌంటరు, కిటికీ ముందు వంగిన ముసలివాళ్లు, లోపలినుంచి విసుగు గొంతు. ఆఖర్న ఫైళ్లు కుక్కిన అరలు, వాటిమీద ఆ గొంతు, జీవితమంతా ఏం చేశారో రాయమంటుంది. ఒక గది, ఒక కిటికీ, ఒక ప్రశ్న. 'డెకలాగ్' విత్తనం అక్కడే ఉంది.

హైదరాబాదులోనో విశాఖలోనో వచ్చే సెమిస్టరుకు సిరీస్ తీయబోతున్న పిల్లలకు నా మనవి ఒక్కటే. టీజర్ పోస్టరు కాస్త ఆగనివ్వండి. మీ హాస్టలు బ్లాకో, బస్సు డిపోయో, కాలనీయో ఒక చోటు ఎంచుకోండి. అన్ని ఎపిసోడ్లకూ బౌండ్ స్క్రిప్టు సిద్ధం చేసుకుని, నేలమీద పరిచి చదవండి. మొదటి కథలో ఏడ్చినవాళ్లు నాలుగో కథలో మెట్ల దగ్గర ఎవరికి ఎదురవుతారో వెతకండి. అది దొరికిన రోజున కెమెరా అద్దెకు తెచ్చుకోండి.