ఆట లేని నెలల్లో పని

గల్ఫ్‌లో గోల్ఫ్ సీజన్ అక్టోబరులో మొదలవుతుందని ఆడేవాళ్లు అంటారు. గడ్డి పని చేసేవాళ్లకు అది జూన్‌లోనే మొదలైపోతుంది. ఖతర్‌లోని అల్ ఘర్రాఫాలో ఉంటూ ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మా పక్కనే ఎడ్యుకేషన్ సిటీలో స్పెయిన్ ఆటగాడు ఒలాతాబాల్ రూపకల్పన చేసిన కోర్సు ఉంది. 2020, 2021 మార్చి నెలల్లో ఖతర్ మాస్టర్స్ టోర్నమెంటు అక్కడే జరిగింది. టీవీలో ఆ పచ్చదనం చూసి ఊరివాళ్లు ఫోన్ చేస్తారు, ఎడారిలో అంత గడ్డి ఎట్లా పెంచారని. నీళ్లు పోస్తే పెరుగుతుంది, అది నిజమే. కానీ బంతి నున్నగా దొర్లే గడ్డి కావాలంటే దాన్ని ముందు కోయాలి, గుచ్చాలి, చీల్చాలి. ఆ పనికి ఒకటే కాలం ఉంది. అది మనిషి బయట నిలబడలేని కాలం.

ఇక్కడి కోర్సుల్లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి బెర్ముడా, వినాయకచవితి పూజలో పెట్టే మన గరిక జాతే. రెండోది పాస్పాలం, సముద్రతీరంలో పుట్టి ఉప్పును తట్టుకునేది. రెండూ ఎండను కోరుకునేవే. వేసవిలో విపరీతంగా పెరుగుతాయి, పెరిగినకొద్దీ కింద చచ్చిన కాడలు, వేర్లు పేరుకుని మెత్తటి పొర కడతాయి. దాన్ని మేం థాచ్ అంటాం. అది మందమైతే నీరు దిగదు, వేరు కిందికి పోదు, తెగులు పడుతుంది. అందుకే నిలువు బ్లేళ్లతో గడ్డిని చీరి, బోలు గొట్టాలతో మట్టిని పెళ్లగించి, ఆ రంధ్రాల్లో ఇసుక నింపుతాం. ఆ రోజు గ్రీన్, అంటే బంతిని రంధ్రంలోకి దొర్లించే గడ్డిచోటు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. జులై, ఆగస్టుల్లో అయితే ఆ గాయం కొన్ని వారాల్లోనే మానిపోతుంది. అదే పని నవంబరు చివర పెట్టుకుంటే, రాత్రులు చల్లబడి గడ్డి పెరుగుదల మందగిస్తుంది కనుక, మచ్చలు చలికాలమంతా ఉండిపోతాయి. వాయిదా వేయడానికి వీల్లేదు.

గడ్డికి ఏది మంచి కాలమో మనిషికి అదే గడ్డుకాలం. ఈ పనిలో అసలు చిక్కు ఇదే.

ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని చేయించకూడదు. 2021లో తెచ్చిన ఈ నియమంలో ఇంకో మాట కూడా ఉంది. వేడి, తేమ, ఎండ, గాలి కలిపి లెక్కించే డబ్ల్యూబీజీటీ సూచీ 32.1 డిగ్రీలు దాటితే, ఏ వేళైనా పని ఆపాలి. నా దృష్టిలో మొదటిదానికంటే ఈ రెండో నియమమే గొప్పది. తేదీ పదిహేను దాటగానే ఉక్కపోత ఆగదు కదా. గల్ఫ్ అరబ్బులు ఆగస్టు ఆఖరున సుహైల్ నక్షత్రం కోసం చూస్తారు, వేడి విరగడానికి అది గుర్తు. మనవాళ్లు అగస్త్యుడనేది ఆ నక్షత్రాన్నే. అది కనబడ్డాక కూడా సెప్టెంబరు తెల్లవారుజాములు తడిబట్ట కప్పుకున్నట్టే ఉంటాయి. చెమట కారుతుంది, ఆరదు.

కాబట్టి మా పని అర్ధరాత్రి దాటాక, దీపాల వెలుగులో. గడ్డి మీద శుద్ధి చేసిన మురుగునీరు పారిస్తాం. అందులోని లవణాలు వేర్ల దగ్గర పేరుకుంటాయి, అప్పుడప్పుడు ఎక్కువ నీరు పెట్టి వాటిని కిందికి దించేయాలి. చౌడు నేల సాగు చేసిన రైతుకు ఈ సంగతి కొత్త కాదు. మా జట్టులో జగిత్యాల వైపు తమ్ముడు ఒకడున్నాడు, ఊళ్లో పసుపు పండించినవాడు. తేమ మీటరు కంటే ముందు అతని కాలే చెబుతుంది. “అన్నా, ఈడ మెత్తగ తగుల్తుంది, థాచ్ పెరిగింది.” ఇంకోచోట నడిచి వెనక్కి తిరిగి చూస్తాడు. అడుగు పడ్డచోట గడ్డి పైకి లేవకుండా అట్లాగే ఉంటే దానికి దాహం మొదలైనట్టు. ఆ విద్య ఏ శిక్షణలోనూ రెండు వారాల్లో రాదు.

అందుకే నాకు కోపం వచ్చే సంగతి ఒకటి చెప్పాలి. వేసవిలో ఆడేవాళ్లు లేరని మనుషుల్ని తగ్గించే అలవాటు ఈ రంగంలో చూశాను. పాతవాళ్లను సెలవు మీద పంపుతారు, సెప్టెంబరులో కొత్తవాళ్లను దింపుతారు. ఇంటి మొహం చూడక ఏడాది దాటినవాడికి సెలవు ఇవ్వాల్సిందే, దాన్ని తప్పుపట్టను. కానీ మిగిలిన సగం మంది మీద మొత్తం పని పడుతుంది, వేడికి అలవాటుపడని కొత్త ఒళ్లు నేరుగా ఉక్కపోతలోకి దిగుతుంది. ఇంతలో టోర్నమెంటు తేదీ దగ్గరపడిందని గడ్డి కోసే మోవర్‌ను ఒక్కసారిగా మూడు మిల్లీమీటర్ల దగ్గరికి దించమంటారు. కొద్దికొద్దిగా దించకపోతే గడ్డి పసుపుబారుతుంది, అప్పుడు నింద జట్టు మీద పడుతుంది.

వేసవి జట్టు సీజన్ జట్టు కంటే పెద్దదిగా ఉండాలి. షిఫ్టు నాలుగైదు గంటలకు మించకూడదు, మనుషులు మార్చి మార్చి దిగాలి. కొత్తగా వచ్చినవాడికి మొదటి వారమంతా తేలిక పనే ఇవ్వాలి. సూచీ కొలిచే పరికరం ఆఫీసు గోడకు కాకుండా గ్రీన్ పక్కన ఉండాలి, ఫోర్‌మన్ ఎవరినీ అడగకుండా పని ఆపగలగాలి. ఇదంతా జులైలో అడిగితే డబ్బు లేదంటారు. ఏప్రిల్‌లో, చివరి టోర్నమెంటు అయ్యాక ఇసుకకు, ఎరువుకు, యంత్రాల విడిభాగాలకు లెక్కలు వేస్తారే, ఆ కాగితంలోనే వేసవి మనుషుల లెక్క కూడా రాయాలి.