ఎనిమిది గళ్లలో ఒదిగిన అక్షరం

పాక్‌మ్యాన్ ఆటలో తెర పైభాగాన స్కోరు చూపించే అక్షరాలు బొద్దుగా, అంచులు మెట్లుమెట్లుగా ఉంటాయి. వాటిని 1980లో ఆ ఆటతోపాటే నామ్కో కంపెనీ గీయించిందనుకుంటారు చాలామంది. అసలు మూలం అంతకు నాలుగేళ్ల ముందుంది. అటారీ అనుబంధ సంస్థ కీ గేమ్స్ 1976లో తెచ్చిన క్విజ్ షో ఆటలోవి ఆ అక్షరాలు. నామ్కో వాటిని అందిపుచ్చుకుంది, ఆ తర్వాత ఎందరి ఆటల్లోకో పాకాయి. ఇవాళ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే ప్రెస్ స్టార్ట్ 2పీ ఆ వంశానిదే.

అక్షరానికి దక్కేది అడ్డంగా 8, నిలువుగా 8 గళ్లు. పక్కదానికి అంటుకోకుండా ఒక వరస, కింద మరో వరస వదిలేస్తే మిగిలేది ఏడేళ్ల నలభై తొమ్మిదే. గడికి ఒక బిట్ చొప్పున 26 ఇంగ్లిష్ అక్షరాలూ 10 అంకెలూ కలిపి 288 బైట్లలో సర్దుకుంటాయి. బైటు బైటూ లెక్కచూసుకున్న ఆ రోజుల్లో ఇది పెద్ద వెసులుబాటే.

పనితనం మాత్రం ఆ నలభై తొమ్మిది గళ్లలోనే చూడాలి. అడ్డగీత మందం ఒక చుక్క, నిలువుగీత మందం రెండు. పాత పిక్చర్ ట్యూబు తెరమీద కాంతి అడ్డంగా పరుగెత్తేది కాబట్టి ఒంటి చుక్క నిలువుగీత వెలవెలబోయేది. రెండు చుక్కలైతే నిలబడేది. కానీ ‘ఎమ్’ అక్షరానికి రెండు కాళ్లకే నాలుగు గళ్లు ఖర్చయిపోతాయి, నడిమి లోయకు మిగిలేవి మూడే! సున్నా ఇంకా ముచ్చటైనది. పైభుజం ఎడమవైపు ఒక్క చుక్క, కుడివైపు రెండు. కిందికొచ్చేసరికి ఇది తారుమారవుతుంది. ఆ చిన్న వంకర వల్లే అంకె సున్నా, ‘ఓ’ అక్షరం ఒకదానితో ఒకటి కలగలిసిపోవు. దీన్ని పాతకాలపు మోజు అనడం అన్యాయం. ఒక్క చుక్క జరిగినా అక్షరం చెడిపోయే పని ఇది.

జపాన్‌లో ఈ ఇరుకు మాటలనే శాసించింది. 1986 నాటి డ్రాగన్ క్వెస్ట్ ఆట మొత్తం 64 కిలోబైట్లు. చోటు చాలక అందులో కతకానా అనే జపాన్ లిపి అక్షరాలు ఇరవై దాకా మాత్రమే ఉంచారు. ఆటలోని రాక్షసుల పేర్లన్నీ ఆ ఇరవైలోనే ఇమడాలి.

నేటి తెరలమీద చిక్కు వేరు. ఇలాంటి ఫాంటును 8, 16, 24 పిక్సెళ్ల కొలతల్లోనే వాడాలి. 17 పెట్టారా, ఒక్కో గడి ఒక్కో సైజయి అంచులు అలుక్కుపోతాయి.

మరి తెలుగు? ఎనిమిది వరసల్లో పైన గుడికి, కింద ఒత్తుకు చోటిస్తే అసలు అక్షరానికి నాలుగైదు వరసలు మిగలడమే గగనం. ‘థ’ కడుపులో చుక్క కనిపించాలంటే దాని చుట్టూ ఖాళీ కావాలి, లేదంటే అది ‘ధ’తో కలిసిపోతుంది. ‘రాష్ట్రం’లో ఒకే అక్షరానికి రెండు ఒత్తులు. యూనికోడ్ అక్షరాల కోసం చుక్కలతో గీసిన గ్నూ యూనిఫాంట్ తెలుగుకు 16 వరసలు ఇచ్చింది. అచ్చు ఫాంటును కుదించి చుక్కల్లో పోస్తే మిగిలేది మరకే. తెలుగు ఆటకు అక్షరాలు గీసేవారు ముందు ఒత్తులకు చోటు తేల్చుకుని, ఆ పైన ‘క’ మొదలుపెట్టడం మేలు.