గీత మీదికి లాగిన దెబ్బ

పెళ్లిళ్ల సీజన్లో మచిలీపట్నం, గుడివాడ రోడ్ల మీద ఊరేగింపుల్లో మోగే డీజే పాటలు వింటుంటే నాకు డప్పు అంతా ఒక్కటే అనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన అదే తీన్‌మార్ లూపు, అదే వేగం, ప్రతి దెబ్బకీ అదే బరువు. ఈ పాటల్లో మాటలు బూతని తిట్టేవాళ్లని చాలామందిని చూశాను. డప్పుని ఎడిట్ చేసిన తీరు గురించి మాత్రం ఎవరైనా మాట్లాడగా వినలేదు. అసలు మాట్లాడాల్సింది దాని గురించే అనుకుంటాను.

పని ఇలా జరుగుతుంది. ఎఫ్ఎల్ స్టూడియోలో కొత్త ఫైలు తెరిస్తే సాధారణంగా కనిపించేది 16 గడుల వరస: నాలుగు బీట్లు, బీటుకి నాలుగు గడులు. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఒక్కో గడి 125 మిల్లీసెకన్లు. మనిషి కొట్టిన దెబ్బ గీతకి కాస్త ముందో వెనకో పడుతుంది. క్వాంటైజ్ నొక్కితే అన్నీ దగ్గర్లో ఉన్న గీత మీదికి జరిగిపోతాయి. దెబ్బ బలానికి 1 నుంచి 127 దాకా అంకెలుంటాయి, వాటినీ సమం చేసేస్తే పని అయిపోయినట్టే. దీన్ని 'క్లీన్ చేయడం' అంటారు.

క్లీన్ చేయాలంటే ఏది మురికో ముందు తెలియాలి కదా. తిస్రం తీసుకోండి. బీటుకి మూడు సమానమైన దెబ్బలు, తకిట. నాలుగు గడుల్లో మూడు దెబ్బలు సమంగా కూర్చోవు. క్వాంటైజ్ చేస్తే రెండోది వెనక్కి, మూడోది ముందుకి జరిగి, సమంగా నడిచే మూడు అడుగులు పొట్టి, పొడుగు, పొట్టి అయిపోతాయి. గడులు మూడు చొప్పున పెట్టుకునే వీలు సాఫ్ట్‌వేర్లోనే ఉంది. ఉన్నదాన్ని మార్చాలని అనిపించకపోవడమే సమస్య.

ఇదే జిల్లాలో క్షేత్రయ్య మొవ్వ, దాని పక్కనే కూచిపూడి ఉన్నాయి. ఆ పదాల్లో చాలావాటికి మిశ్రచాపు నడక, 3+4, ఏడు. 16 గడుల్ని 14 చేస్తే లెక్క సరిపోతుంది. నడక మాత్రం సరిపోదు. విలంబంలో అభినయం పట్టేవాళ్లు ఒక చూపు దగ్గర ఆగితే మృదంగం కూడా ఆగుతుంది. అక్కడ వేగం ఒక అంకె కాదు, ఇద్దరి మధ్య ఒప్పందం. క్లిక్ ట్రాక్ పెట్టి రికార్డు చేస్తే ఆ చూపు క్లిక్ వెంట పరిగెత్తాలి.

డప్పుదీ అంతే. ఒక చేతిలో పొట్టి చిర్ర, ఇంకో చేతిలో సన్నటి సిటికెన పుల్ల, రెండిటి మాటా వేరు. దివిసీమ లాంటి సముద్రపు తేమ గాలిలో తోలు సడలుతుంది, మంట దగ్గర పట్టి కాస్తే మళ్లీ బిగుస్తుంది. అంటే సెగతో పాటే శ్రుతీ మారుతుంది. శాంపిల్ అందులో ఒక్క క్షణాన్ని పట్టుకుని వెయ్యిసార్లు కొడుతుంది.

తప్పు యంత్రానిది కాదు. రోజర్ లిన్ 1980లో తెచ్చిన ఎల్ఎమ్-1 డ్రమ్ మెషీన్లో క్వాంటైజ్‌తో పాటు స్వింగ్ కూడా ఉంది. 50 శాతం దగ్గర సమంగా నడుస్తుంది, 66 దగ్గర తిస్రపు ఊపు వస్తుంది. గీతని గీసినవాడే దాన్ని వంచే మీట కూడా ఇచ్చాడు.

ఇది మనకి తెలియని కథేం కాదు. గ్రాంథికం మీద పోరాడి వ్యావహారికాన్ని తెచ్చుకున్నాం. తీరా పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాట. శ్రీకాకుళం యాసని, తెలంగాణ యాసని దాని గీత మీదికి లాగి 'తప్పులు దిద్దాం'. ఇప్పుడు ఆ కృష్ణా జిల్లా డప్పునే ఎవరో పెట్టిన 16 గడుల్లోకి లాగుతున్నారు. కథలో పాత్ర మాటని శిష్ట వ్యావహారికంలోకి మార్చిన ఎడిటర్ని నిలదీసే మనం, దెబ్బని జరిపిన ఎడిటర్ని వదిలేస్తున్నాం.

డీజే వైపు వాదన ఉంది, ఒప్పుకుంటాను. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి తెగకుండా వెళ్లాలంటే వేగం నిలకడగా ఉండాలి. వీధిలో రెండొందల మంది చిందేస్తుంటే నిలకడే ముఖ్యం. అయితే వేగం నిలకడగా ఉండటం వేరు, ప్రతి దెబ్బా గీత మీదే పడటం వేరు. చాలా సాఫ్ట్‌వేర్లలో క్వాంటైజ్‌ని సగమే వర్తించేలా పెట్టొచ్చు. బలాల అంకెల్ని ముట్టుకోకుండా వదిలేయొచ్చు.

ఇంకో మాట. డప్పు మాదిగల చేతిలో బతికిన వాద్యం. ఆ చేతుల్ని ఊరు చాలాకాలం దూరంగా నిలబెట్టింది. నేను విన్న శాంపిల్ ప్యాకుల్లో ఫైలుకి 'డప్పు 03' అని నంబరుంది, వాయించినవాళ్ల పేరు లేదు. సమయం, బలం, శ్రుతి సమం చేశాక ఎవరి చేతిదో చెవికీ తెలియదు. చేతి గుర్తు చెరిపేశాక డబ్బులు ఎవరికివ్వాలన్న ప్రశ్న కూడా రాదు.

అందుకే రీమిక్స్ మీద రాసేవాళ్లు ఈ మూడూ అడగాలంటాను: ఏ గడుల్లో కోశారు, ఎంత జరిపారు, కొట్టిందెవరు. మూడోదానికి జవాబు ఫైలు పేరులోనే ఉండాలి.