తోట నడుమ సమాధి: ఢిల్లీలో హుమాయూన్ కట్టడం

మొగల్ చక్రవర్తి హుమాయూన్ 1556 జనవరిలో ఢిల్లీ పురానా ఖిలాలోని తన గ్రంథాలయ భవనం మెట్ల మీద నుంచి పడి మరణించగా, దాదాపు పదేళ్లకు, సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా దర్గాకు చేరువలో, అప్పట్లో యమున పారుతున్న ఒడ్డున ఆయన సమాధి నిర్మాణం ఆరంభమైంది. భార్య హాజీ బేగం దీనిని కట్టించిందని పరంపరగా చెప్పుకుంటారు. కుమారుడు అక్బర్ పోషణ దీనికి అండగా నిలిచింది. పారశీక సంప్రదాయంలో ఆరితేరిన మీరక్ మీర్జా గియాస్ దీనికి రూపకల్పన చేయగా, ఆయన కుమారుడు సయ్యద్ మహమ్మద్ పూర్తి చేశాడు. భారత ఉపఖండంలో ఉద్యాన సమాధి అనదగిన మొదటి మహా కట్టడం ఇదే.

ఇక్కడికి వచ్చేవారి చూపు ముందుగా గుమ్మటం మీదనే నిలుస్తుంది గానీ, కట్టడాన్ని అర్థం చేసుకోవాలంటే తోట నుంచే మొదలుపెట్టాలి. చదరపు నేలను కాలువలతో, బాటలతో నాలుగు భాగాలు చేసే పారశీక పద్ధతికి చార్ బాగ్ అని పేరు. ఆ కాలువలు ఖురాన్ వర్ణించిన స్వర్గోద్యాన నదులను స్ఫురింపజేస్తాయి. ఇక్కడ ఆ నాలుగు భాగాల్లో ఒక్కొక్కదాన్ని మళ్లీ తొమ్మిదిగా విభజించడంతో మొత్తం 36 చదరాలు ఏర్పడగా, నడిమి నాలుగింటి చోటును సమాధి ఆక్రమించింది. అందువల్ల భవనానికి చుట్టూ తోట వేశారనడం కన్నా, తోట గీతల్లోనే భవనం పుట్టిందనడం సబబు.

భవనం లోపలి అమరికలోనూ ఇదే లెక్క సాగుతుంది. హష్ట్ బిహిష్త్, అంటే ‘ఎనిమిది స్వర్గాలు’ అనే పద్ధతిలో, నడుమ ఉన్న ఎనిమిది పలకల హాలు చుట్టూ ఎనిమిది గదులను అమర్చి, వాటిని నడవలతో కలిపారు. హాలులో కనిపించేది గుర్తుగా నిలిపిన రాతి సమాధి మాత్రమే కాగా, అసలు ఖననం దాని కింది నేలమాళిగలో ఉంది. పశ్చిమాన ఉన్న రాతి జాలీలో మిహ్రాబ్ ఆకారాన్ని, అంటే మక్కా దిశను సూచించే గూటి రూపాన్ని మలచడంతో, ఆ దిక్కు నుంచి వచ్చే వెలుగే ప్రార్థనా దిశకు గుర్తవుతుంది. ఈ ఒక్క ఏర్పాటు చాలు, శిల్పుల సూక్ష్మబుద్ధిని చాటడానికి.

సుమారు 42 మీటర్ల ఎత్తున నిలిచిన గుమ్మటం నిజానికి రెండు పొరలది. దూరం నుంచి చూసేవారికి ఠీవి కనబడాలంటే గుమ్మటం ఎత్తుగా ఉండాలి. అంత ఎత్తు లోపల కూడా ఉంటే హాలు బావిలా తోస్తుంది. కనుక లోపలి పొర హాలుకు తగిన కప్పుగా, పాలరాతి తొడుగున్న బయటి పొర ఆకాశరేఖకు తగిన శిఖరంగా వేర్వేరుగా లేచి, మధ్యలో ఖాళీ మిగిలింది. ఈ రెండు పొరల పద్ధతి మధ్యాసియా నుంచి వచ్చింది. ఎర్ర ఇసుకరాతి గోడల మీద తెల్ల పాలరాతి అంచులు, కప్పు మీది ఛత్రీలు, అంటే స్తంభాల మీద నిలిచిన చిన్న గుమ్మటపు మండపాలు మాత్రం ఈ నేలవే.

1857 సెప్టెంబరులో చివరి మొగల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ బ్రిటిష్ సేనకు పట్టుబడింది ఇక్కడే. 1947లో దేశ విభజన నిరాశ్రయులు తలదాచుకున్నదీ ఈ ఆవరణలోనే. 1993లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆగా ఖాన్ ట్రస్టు, భారత పురావస్తు శాఖ కలిసి 1997 నుంచి 2003 వరకు తోటను పునరుద్ధరించి, ఎండిన కాలువల్లో మళ్లీ నీరు పారించాయి. ఆ తరువాత కప్పు మీద పేరుకున్న సిమెంటును తొలగించి సున్నపు పని చేయించాయి. ఇదే ట్రస్టు పిమ్మట హైదరాబాదులోని కుతుబ్ షాహీ సమాధుల పరిరక్షణనూ చేపట్టింది.

హుమాయూన్ సమాధిని తాజ్ మహల్‌కు తొలి ముసాయిదాగా మాత్రమే చెప్పడం న్యాయం కాదు. 1632లో మొదలైన తాజ్‌లో సమాధి తోట నడుమ నుంచి జరిగి నది ఒడ్డుకు చేరింది; చార్ బాగ్ నడిబొడ్డున సమాధి కొలువుదీరిన సంపూర్ణ రూపాన్ని చూడదలచినవారు ఆగ్రాకు ముందు ఢిల్లీకి రావాలి.