చిప్పు నంబరు వెనక చేతిపని

లినక్స్ వేసుకోవాలి, ఏ ల్యాప్‌టాప్ కొనమంటారు అని అడిగే పిల్లలు మేడ్చల్, శామీర్‌పేట వైపు కొంచెం ఎక్కువే. ఎందుకుండరు? 44వ నంబరు హైవే మీద కండ్లకోయ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు, అటు శామీర్‌పేట వైపు 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్. రెండో సంవత్సరానికి వచ్చేసరికి ఎవరో ఒక సీనియర్ ఉబుంటు అనే లినక్స్ సంగతి చెవిన వేస్తాడు. ఇంట్లో ఇచ్చే డబ్బు కొత్త మెషీన్‌కు చాలదు, సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవాలి. అప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. డెల్లా, హెచ్‌పీనా, లెనోవోనా?

నా జవాబు వాళ్లకు నచ్చదు. కంపెనీ పేరుతో లినక్స్‌కు పెద్దగా పని లేదు. ఒకే మోడలు, ఒకే రంగు, ఒకే ధర ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకదానికి ఇంటెల్ వైఫై ఉండొచ్చు, రెండోదానికి రియల్‌టెక్ ఉండొచ్చు. పైన స్టిక్కరు మాత్రం ఒక్కటే. లినక్స్‌కు సరిపడే పరికరం అంటే, మనకంటే ముందే ఎవరో ఒకరు కూర్చుని దాని మీద పనిచేసి పెట్టిన పరికరం. ఆ పని ఎంత నాజూకైనదో ఒకసారి దగ్గరగా చూస్తే కొనేటప్పుడు ఏం వెతకాలో దానంతట అదే తెలుస్తుంది.

పీసీఐ పద్ధతిలో మదర్‌బోర్డుకు తగిలే ప్రతి పరికరమూ తన వెంట రెండు నంబర్లు తెచ్చుకుంటుంది. మొదటిది కంపెనీది, రెండోది చిప్పుది. ఇంటెల్ నంబరు 8086. ఇవాళ్టి పీసీలకు మూలపురుషుడైన 1978 నాటి ప్రాసెసర్ పేరది, దాన్నే ఇంటిపేరుగా పెట్టుకున్నారు. ఏఎండీ గ్రాఫిక్స్ చిప్పులది 1002, ఏటీఐ కంపెనీని కొన్నప్పుడు వారసత్వంగా వచ్చింది. ఇంటెల్ ఏఎక్స్200 అనే వైఫై కార్డు పూర్తి చిరునామా 8086:2723. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ అనే కమాండు కొడితే మీ మెషీన్‌లో ఉన్న పీసీఐ పరికరాలన్నీ వరుసగా కనిపిస్తాయి. దాన్ని రాసింది మార్టిన్ మారెష్ అనే చెక్ ప్రోగ్రామర్. ఏ నంబరు ఎవరిదో చెప్పే పట్టిక కూడా ఆయనా, కొందరు వలంటీర్లూ కలిసి నడుపుతున్నదే.

నాకు ముచ్చటేసే పని ఇక్కడి నుంచి మొదలవుతుంది. చిప్పును నడిపించే డ్రైవరు రాసే మనిషి తన ప్రోగ్రాంలోనే ఒక చిన్న పట్టిక పెడతాడు, ఫలానా కంపెనీ ఫలానా చిప్పు వస్తే నేను చూసుకుంటాను అని. ఏఎక్స్200 కోసం ఇంటెల్ డ్రైవరు పట్టికలో ఉన్నది ఒక్క వరుస. అందులో 2723 అని ఉంటుంది. ఆ కార్డు ఏ ల్యాప్‌టాప్ కంపెనీ కోసం తయారైందో చెప్పాల్సిన గడిలో ‘ఏదైనా సరే’ అని ఉంటుంది. ఇలాంటి వరుసలన్నిటినీ ఏరి ఒకే పెద్ద జాబితాగా పేరుస్తారు. మీ లినక్స్‌లోనూ అది మాడ్యూల్స్.ఏలియాస్ అనే మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉంటుంది, తెరిచి చదువుకోవచ్చు. కంప్యూటర్ ఆన్ కాగానే లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఒక్కో పరికరం నంబర్లనూ ఒక పొడవాటి మాటగా కూర్చి బయటికి చెబుతుంది. యూడెవ్ అనే ప్రోగ్రాం ఆ మాట అందుకుని జాబితాలో వెతికిస్తుంది. దొరికిందా, డ్రైవరు మెమరీలోకి వచ్చి కూర్చుంటుంది. దొరకలేదా, ఆ చిప్పు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటుంది.

ఇందులో కెర్నల్ ఏ డ్రైవరు పేరూ ముందుగా తెలుసుకోనక్కర్లేదు. ఒక డ్రైవరు రాసినవాడికి పక్క డ్రైవరు సంగతి పట్టనక్కర్లేదు. ఎక్కడెక్కడో కూర్చుని వేలమంది రాసిన కోడు ఒకరి కాలు ఒకరు తొక్కకుండా కలిసిపోతుంది. పాత చిప్పుకు అన్నీ పోలిన కొత్త చిప్పు మార్కెట్లోకి వస్తే, చాలాసార్లు పట్టికలో ఒక వరుస కలిపితే సరిపోతుంది.

కంపెనీలు సహకరించని చోట ఆ ఒక్క వరుస వెనక ఉండే శ్రమ వేరు. బ్రాడ్‌కామ్ వైఫై చిప్పుల కథే చూడండి. వివరాలు ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకోలేదు. అప్పుడు వలంటీర్లు రెండు జట్లయ్యారు. ఒక జట్టు కంపెనీ డ్రైవరును విప్పి చూసి చిప్పు ఎలా నడుస్తుందో మాటల్లో రాసింది. రెండో జట్టు ఆ డ్రైవరు ముఖం కూడా చూడకుండా ఆ రాతను బట్టి కొత్త డ్రైవరు కట్టింది. కాపీ కొట్టారన్న మాట రేపు కోర్టులో పడకూడదని ఈ మడి. 2006లో వచ్చిన 2.6.17 కెర్నల్‌లో ఆ డ్రైవరు చేరింది. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది. కాపీరైట్ చెప్పే మాస్టార్లెవరైనా ఈ డ్రైవరును ఒక పాఠంగా చెబితే బాగుంటుందని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఇంజనీర్లు చట్టాన్ని ఇంత శ్రద్ధగా పాటించి వస్తువు తయారుచేసిన సందర్భాలు ఎక్కువ లేవు.

ఆ డ్రైవరును ఏళ్ల తరబడి సాకినవాళ్లలో లారీ ఫింగర్ ఒకరు. ఆయన కంప్యూటర్ల మనిషి కాదు. అమెరికాలో కార్నెగీ సంస్థ ప్రయోగశాలలో ఖనిజ స్ఫటికాల మీద పరిశోధన చేశాడు. ఫింగరైట్ అనే ఖనిజానికి ఆయన పేరే పెట్టారు. పదవీ విరమణ తర్వాత, 2005 ప్రాంతంలో, లినక్స్ వైఫై డ్రైవర్ల పనిలోకి దిగాడు. 2024 జూన్‌లో, 84వ ఏట చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. కెర్నల్‌లో ఆయన పంపిన మార్పులు 1,500 పైచిలుకు. చౌక ల్యాప్‌టాప్‌లలో, చిన్న యూఎస్‌బీ వైఫై ముక్కల్లో ఉండే రియల్‌టెక్ చిప్పుల మీదే ఎక్కువ శ్రమపడ్డాడు. పాత కెర్నల్ వాడుకుంటున్నవాళ్ల కోసం కొత్త డ్రైవర్లను విడిగా సిద్ధం చేసి పెట్టేవాడు. ఖరీదైన చిప్పులకు వాటి కంపెనీల ఇంజనీర్లే ఉంటారు, పేదవాడి చిప్పుకు ఇలాంటి పెద్దాయన దొరకాలి. మేడ్చల్‌లో ఏ హాస్టల్ గదిలోనో పాత ల్యాప్‌టాప్‌కు తగిలించిన రియల్‌టెక్ ముక్క మెరుస్తోందంటే అందులో ఆయన వాటా ఉండే అవకాశం బాగానే ఉంది.

వైఫై తర్వాత చూడాల్సింది సౌండు. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం రియల్‌టెక్ ఆడియో చిప్పులే వాడతాయి. చిప్పు ఒకటే అయినా ఒక్కో కంపెనీ వైర్లు ఒక్కో రకంగా కలుపుతుంది. ఒకరు మైకును ఇటు పెడతారు, ఇంకొకరు మ్యూట్ లైటును అటు తిప్పుతారు. అందుకే కెర్నల్‌లో ఇలాంటి తేడాలకు ఒక పట్టిక ఉంది. ముందు ల్యాప్‌టాప్ కంపెనీ నంబరు, డెల్ 1028, ఏసర్ 1025, ఏసుస్ 1043 అని, ఆ తర్వాత మోడలు నంబరు, ఆ పక్కన దానికి చేయాల్సిన సవరణ. చాలా ఏళ్లు ఇదంతా ఒకే ఫైల్లో ఉండి పదివేల వరుసలు దాటింది. ఆడియో విభాగాన్ని చూసుకునే తకాషి ఇవాయ్ చేతి మీదుగా వచ్చిన ఆ ఫైలు చదువుతుంటే, ప్రతి ఇంటి వాటమూ తెలిసిన పల్లెటూరి పోస్ట్‌మాన్ గుర్తొస్తాడు. ఏ ఇంటికి వెనక గుమ్మం, ఎక్కడ కుక్క ఉంది, అన్నీ రాసిపెట్టుకున్నట్టే. ఒక్కో వరుస వెనకా హెడ్‌ఫోన్ పనిచేయడం లేదని చెప్పుకున్న ఒక మనిషి ఉంటాడు. మార్కెట్లో దిగి మూడు నాలుగేళ్లయిన మోడలే లినక్స్‌కు మంచిదని నేననేది ఇందుకే. ఆ పాటికి వాటం ఎవరో ఒకరు కనిపెట్టి రాసేసి ఉంటారు.

ఇక కొనే విషయం. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, మన నోట సీటీసీ, ఉత్తర శివార్ల వాళ్లకు అందుబాటులో ఉండే పెద్ద బజారు. అక్కడికి వెళ్లేటప్పుడు డబ్బుతో పాటు లైవ్ లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ కూడా జేబులో పెట్టుకోండి. హార్డ్ డిస్కు ముట్టుకోకుండా అది పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుందని చెబితే షాపతను కాదనడు, కాదన్నాడంటే పక్క షాపు ఉండనే ఉంది. బూట్ అయ్యాక ఎల్‌ఎస్‌పీసీఐ కమాండుకు ఎన్, ఎన్, కే అనే మూడు అక్షరాలు జతచేసి కొట్టండి. ప్రతి పరికరం కిందా ఏ డ్రైవరు నడుస్తోందో వస్తుంది. ఆ వరుస రాని పరికరం మీద అనుమానం పెట్టుకోవాలి. ఫోన్ హాట్‌స్పాట్‌కు వైఫై కలిపి చూడండి. మూత మూసి, ఒక నిమిషం ఆగి తెరవండి. నిద్రలేచిందా, లేచాక వైఫై మళ్లీ కలిసిందా? ఈ ఒక్క పరీక్షలో పోయే మెషీన్లు చాలా ఉంటాయి. వేలిముద్ర సెన్సరు పనిచేయకపోతే నేనైతే పట్టించుకోను, పాస్‌వర్డ్ ఉంది కదా.

వైఫై కార్డు మార్చుకోవచ్చులే అనుకునేవాళ్లకు రెండు మాటలు. ఏఎక్స్200, ఏఎక్స్201 చూడ్డానికి ఒకటే, నంబరులో ఒక్క అంకె తేడా. కానీ ఏఎక్స్201లో సగం బుర్ర ఇంటెల్ చిప్‌సెట్‌లోనే ఉంటుంది, అందుకు తగిన ఇంటెల్ బోర్డు అయితేనే అది పలుకుతుంది. ఏఎండీ మెషీన్‌లో పెడితే వృథా. షాపులో చౌకగా ఇస్తున్నారని అది తెచ్చుకోకండి. ఏఎక్స్200కు కెర్నల్ 5.1, ఏఎక్స్210కు 5.10 లేదా ఆ తర్వాతవి కావాలి. ఇవాళ దొరికే లినక్స్‌లలో దాదాపు అన్నిటిలోనూ అంతకంటే కొత్తదే ఉంటుంది. రెండో మాట పాత థింక్‌ప్యాడ్‌ల గురించి. గట్టి మెషీన్లే, సందేహం లేదు. అయితే 2012 నాటి టీ430, ఎక్స్230 లాంటి వాటిలో లెనోవో ఒప్పుకున్న కార్డు తప్ప వేరేది పెడితే బయాస్ 1802 అనే ఎర్రర్ చూపించి అక్కడే ఆగిపోతుంది. ఇది లినక్స్ లోపం కాదు, విండోస్‌లోనూ ఇంతే.

గ్రాఫిక్స్ సంగతి తొందరగా తేల్చేయొచ్చు. ఇంటెల్‌ది గానీ ఏఎండీది గానీ తీసుకోండి. ఏఎండీ 2007లోనే చిప్పు పత్రాలు బయటపెట్టడం మొదలుపెట్టింది. ఎన్విడియా తన కెర్నల్ డ్రైవరు కోడును తెరిచింది 2022 మే నెలలో, అదీ కొత్త తరం చిప్పులకే. మెషీన్ లెర్నింగ్ కోసం ఎన్విడియా తప్పదనేవాళ్లు తప్పకుండా కొనుక్కోవచ్చు. మిగతావాళ్లకు ఆ తలనొప్పి ఎందుకు?

ప్రింటర్ దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. మన జిరాక్స్ షాపుల్లో తరచూ కనిపించే కానన్ ఎల్‌బీపీ2900 విండోస్ మీద చక్కగా నడుస్తుంది. కానీ అది పేజీని తయారుచేసే పని మొత్తం కంప్యూటర్ మీద వేసి, క్యాప్ట్ అనే కానన్ సొంత భాషలోనే మాట్లాడుతుంది. కానన్ లినక్స్ డ్రైవరు ఇచ్చింది గానీ దాన్ని నిలబెట్టడానికి ఓపిక కావాలి. ఆ భాషను విప్పి వలంటీర్లు రాసిన డ్రైవరు వేరే ఉంది. కొత్తగా కొనేవాళ్లకు నా సలహా, ఐపీపీ ఎవ్రీవేర్ లేదా ఎయిర్‌ప్రింట్ అని రాసి ఉన్నది చూడండి. అలాంటిదానికి విడిగా డ్రైవరే అక్కర్లేదు.

ఫర్మ్‌వేర్ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. డ్రైవరు కోడు తెరిచి ఉన్నా, చిప్పు లోపల నడిచే చిన్న ప్రోగ్రాం మూసిన పెట్టెలాగే వస్తుంది. ఇంటెల్ వైఫై కూడా అంతే. ఇలాంటివాటిని ఇన్‌స్టాలర్‌లో పెట్టాలా వద్దా అని డెబియన్ అనే లినక్స్ తయారుచేసేవాళ్లు ఏళ్ల తరబడి తర్జనభర్జన పడి, 2022లో ఓటు వేసుకుని పెట్టాలనుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అలాగే వస్తోంది. మూసిన ముక్క ఒక్కటీ వద్దనుకునేవాళ్లకు పాత అథెరోస్ కార్డులున్నాయి, ఏటీహెచ్9కే డ్రైవరుతో నడిచేవి. వేగం తక్కువే గానీ వాటికి బయటి నుంచి ఫర్మ్‌వేర్ ఎక్కించనక్కర్లేదు. నాకు ఆ పట్టుదల మీద గౌరవం ఉంది. విద్యార్థికి మాత్రం ఏఎక్స్200 చాలు.

మన వైపు స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి తెలుగులో లినక్స్‌ను తీసుకురావడానికి పనిచేస్తోంది, అందులో ఎక్కువ పాలు ఇంజనీరింగ్ విద్యార్థులదే. తెర మీద తెలుగు చూపించే పనిలో మన పిల్లలు చేయి వేశారు కాబట్టి, చిప్పుల పట్టికల్లోనూ వేయగలరనే నా నమ్మకం. మొదలుపెట్టడానికి కోడు రావాల్సిన పని కూడా లేదు. హెచ్‌డబ్ల్యూ-ప్రోబ్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. మీ మెషీన్‌లోని చిప్పుల నంబర్లు, ఏది నడుస్తోంది, ఏది నడవడం లేదు అనే వివరాలు పోగుచేసి అందరికీ కనిపించే జాబితాలో చేరుస్తుంది. సీటీసీ నుంచి ల్యాప్‌టాప్ తెచ్చుకుని లినక్స్ వేసుకున్న రోజే దాన్ని ఒకసారి నడపండి. అదే మోడలు కొందామనుకునే ఇంకో మేడ్చల్ కుర్రాడికి డబ్బు ఇచ్చేముందు చూసుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.