నలుగురి ముందు ఒక్క మాట

తుపాను పుట్టిందంటే విశాఖ పోర్టు చెప్పే కబురు ఒక్క నంబరు. ఒకటి, రెండు అంటే అది ఇంకా దూరాన సముద్రంలో ఉందని. మూడు, నాలుగు ఎగరేస్తే రేవుకే గాలివాన తగలవచ్చని. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా పెను ప్రమాదం. పదకొండోది మరీ గొప్పది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని చెప్పడానికి పెట్టుకున్న గుర్తు అది. చదువు రానివారికీ అర్థమయ్యే ఈ ఏర్పాటును ఫిషింగ్ హార్బర్ నమ్ముతుందంటే కారణాలున్నాయి. అవసరమైనప్పుడే ఎగరేస్తారు, అందరికీ అర్థం ఒకటే, ఎగరేసినవారు రేపు కాదనలేరు. ఎక్స్‌లోనో మరోచోటో నాలుగు ముక్కలు రాసి వ్యాపారం పెంచుకోవాలనుకునే వన్ టౌన్ వర్తకులు ముందుగా చూడాల్సింది ఈ నంబర్లనే అని నా నమ్మకం.

ఇప్పటి ఎక్స్ 2006లో ట్విటర్ పేరుతో మొదలైనప్పుడు పోస్టుకు 140 అక్షరాలే హద్దు. 160 అక్షరాల ఎస్సెమ్మెస్‌లో పేరుకు 20 వదిలేస్తే మిగిలింది అంతే. 2017లో అది 280 అయింది. ఇంత ఇరుకు చోటును మనవాళ్లు ఎక్కువగా పండగ శుభాకాంక్షలకూ, భారీ తగ్గింపు ప్రకటనలకూ ఖర్చు చేస్తున్నారు. చదివినవారికి వాటివల్ల కొత్తగా తెలిసేది ఏమీ లేదు. కురుపాం మార్కెట్ బంగారం కొట్ల సంగతే చూడండి. గ్రాము ధర ఆ రోజుకు అన్నిచోట్లా దాదాపు ఒకటే, తేడా అంతా తరుగులోనూ మజూరీలోనూ ఉంటుంది. గాజువాక నుంచో అనకాపల్లి నుంచో పెళ్లి నగలకు బయల్దేరే కుటుంబానికి బస్సెక్కకముందే తెలియాల్సింది అదే, కొట్లో కూర్చుని గంట బేరమాడితే తప్ప తెలియనిదీ అదే. నేటి గ్రాము ధర ఇంత, గొలుసుకు తరుగు ఇంత శాతం, మజూరీ ఇంత అని రోజూ పొద్దున్నే రాసే కొట్టుకు వేరే ప్రకటన అక్కర్లేదు. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగకు హెచ్‌యూఐడీ అనే ఆరక్షరాల గుర్తింపు సంకేతం తప్పనిసరి అయింది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. స్వచ్ఛత సరిచూసుకునే వీలు వచ్చాక తరుగును మాత్రం గుట్టుగా ఉంచడం దేనికి?

మాకు తరాలనాటి ఖాతాదారులున్నారు, వాట్సాప్‌లో చెప్పుకుంటే చాలదా అంటారు కొందరు. ఆ మాటలో నిజం ఉంది. అయితే వాట్సాప్‌లో మాట తెలిసినవారి దగ్గరే ఆగిపోతుంది, ఒకరికి ఒక తరుగు, ఇంకొకరికి ఇంకొకటి చెప్పినా బయటపడదు. నలుగురి ముందు రాసిన మాట రాసినవారినే కట్టిపడేస్తుంది, దాని విలువ అక్కడే ఉంది. నలుగురిలో తిడతారన్న భయం ఇంకో అభ్యంతరం. తిట్టదలచినవారు మన ఖాతా కోసం ఆగరు. పైగా ఫిర్యాదు కంటే దానికొచ్చిన జవాబునే చూసేవారు ఎక్కువగా తూకం వేస్తారు. 2014 చివర్లో సురేశ్ ప్రభు రైల్వే మంత్రి అయ్యాక ప్రయాణికులు రైల్లోంచే ట్విటర్‌లో మొర పెట్టుకోవడం మొదలైంది. దానికి పేరొచ్చింది తీయని జవాబుల వల్ల కాదు, ఆ మొర డివిజన్ సిబ్బందికి చేరి బోగీ దగ్గరికి మనిషి రావడం వల్ల. కాబట్టి జవాబిచ్చే పని ఏజెన్సీకి అప్పగించకూడదు. నగ మార్చి ఇవ్వగల అధికారం ఉన్నవారే రాయాలి.

ఈ సాధనం చేయలేనిదీ చెప్పాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి విషపూరిత స్టైరీన్ ఆవిరి ఆర్ఆర్ వెంకటాపురం మీదికి వచ్చినప్పుడు, ఇళ్లలోంచి బయటకు రావద్దని నగరపాలక సంస్థ ట్విటర్‌లో కోరింది. దూరపు వీధులకు అది పనికొచ్చే మాటే. ఫ్యాక్టరీ పక్కన నిద్రలో ఉన్నవారికి కావాల్సింది సైరన్, అక్కణ్నుంచి పారిపోయే దారి. ఆ సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తేల్చింది. ఒకే వాక్యం అందరికీ సరిపోనప్పుడు ఎవరికి చెబుతున్నామో అందులోనే ఉండాలి. వ్యాపారానికీ ఇదే వర్తిస్తుంది. మార్గశిర గురువారాల్లో కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి బురుజుపేట కిక్కిరిసిపోతుంది. ఆ రోజు కొనుగోళ్లకు వచ్చేవారు బండి ఎక్కడ ఆపాలో, ఏ వేళకు రద్దీ తగ్గుతుందో మెయిన్ రోడ్డు కొట్టు రాస్తే, అది ఆ పేటకు వచ్చేవారి కోసమే రాసిన మాట అవుతుంది.

చివరి అభ్యంతరం గట్టిది, ఈ వేదికలు నిలవవని. 2020లో వచ్చి తెలుగులోనూ రాసుకోనిచ్చిన కూ వేదిక 2024లో మూతపడింది, ట్విటర్ పేరే మారిపోయింది. అక్కడ పోగేసుకున్న అనుచరుల లెక్క వేదికతోనే పోతుంది. రోజూ తరుగు బయటపెట్టే కొట్టన్న పేరు పోదు, ఎందుకంటే అది కొన్నవారి నోటిలో ఉంటుంది. అందుకే ఫోన్‌లో పెట్టిన ధరే కొట్టు ముందు బోర్డు మీదా సుద్దతో రాయాలి, రెండూ ఒకటేనా అని లోపలికి వచ్చినవారు సరిచూసుకునేలా.